మంగళవార్త జపంలో మొదటి సగం

మా ఇంట్లో ఇప్పుడు జపమాల చెప్పించేది ఫోను. అక్టోబరు జపమాల నెల కాబట్టి, దీపాలు పెట్టే వేళకి మా కోడలు హాల్లో దేవమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి, ఫోనును నీళ్ళ సీసాకి ఆనించి నిలబెడుతుంది. అందులోంచి ఎవరో అమ్మాయి చక్కని గొంతుతో ప్రతి మంగళవార్త జపంలోనూ మొదటి సగం చెప్పి ఆగుతుంది. ఆ ఖాళీలో మేము రెండో సగం చెప్పాలి. మేము ఆలస్యం చేసినా, దగ్గినా, మనవడు నవ్వినా ఆ అమ్మాయికి పట్టదు. తన సమయానికి తను మళ్ళీ అందుకుంటుంది.

మొన్న ఉండబట్టలేక అన్నాను.

"అమ్మాయ్, అది ఆపు. మొదటి సగం నేను చెప్తాను."

"మీకు ఆయాసం వస్తుంది అత్తయ్యా. ఇదైతే లెక్క కూడా తప్పదు" అంది కోడలు.

లెక్క తప్పడమట. ఉద్యోగం చేసినంత కాలం కాలవల ఆఫీసులో నీటిమట్టాలు రాసిన దాన్ని నేను. యాభై పూసలు లెక్కపెట్టలేనా? మోకాళ్ళ కింద దిండు సర్దుకుని, ఆ ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. డెబ్బై దాటిన మనిషిని ఒక ఫోను మీద కుళ్ళుకోవడం ఏమిటని కాసేపటికి నాకే నవ్వొచ్చింది. అయితే ఆ కుళ్ళు కొత్తది కాదు. చాలా పాతది.

నేను హైస్కూల్లో ఉండగా డైరీ రాయడం మొదలుపెట్టాను. అప్పటినుంచి ఒక్క ఏడు కూడా వదలలేదు. వానలు, కూరగాయల ధరలు, ఎవరొచ్చారు, ఏం వండాం, అన్నీ ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయేది చాలావరకు డైరీలకి ముందు కాలం సంగతి. ఏ పుస్తకం తీసి సరిచూసుకునే వీల్లేదు. ముందువెనకలు తప్పితే తప్పినట్టే.

మా ఊరు గన్నవరానికి ఇవతల, ఏలూరు కాలవ గట్టు కింద. మా పేటలో ఇళ్ళన్నీ కతోలిక క్రైస్తవులవే. నాన్న బడిపంతులు. తాటాకు ఇల్లు, ముందు పంచ, పక్కన గేదె పాక. అక్టోబరు అంటే వానాకాలం సార్వా వరి పొట్ట మీద ఉండే రోజులు. వాన వెలిసిన సాయంత్రం పొలాల మీంచి పచ్చి పాల వాసన లాంటిది ఒకటి వచ్చేది. దానికి తడిసిన తాటాకు వాసన, గేదె పాకలో దోమలకి వేసిన పొగ, అమ్మ పొయ్యి మీద ఉడికే కాలవ చేపల పులుసు, వీటన్నిటి మీదా నాయనమ్మ పంచలో వెలిగించిన సాంబ్రాణి. ఈ వాసనలన్నీ కలిస్తే నాకు జపం వేళ అయిందని తెలిసేది.

తెలియని వాళ్ళ కోసం కాస్త చెప్పాలి. జపమాలలో పదేసి పూసలు అయిదు వరసలు. ఒక్కో పూసకి ఒక మంగళవార్త జపం. అది రెండు ముక్కలు. ఒకరు "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టి మొదటి సగం చెప్తారు. అందులో అంతా పలకరింపు, ఆశీర్వాదం, గర్భఫలం. తక్కినవాళ్ళు "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అని రెండో సగం అందుకుంటారు. అందులో మేము పాపాత్ములమనీ, ఇప్పుడును, మా మరణ సమయమందును మా కోసం ప్రార్థించమనీ ఉంటుంది. మా ఇంట్లో మొదటి సగం నాయనమ్మది. రెండో సగం నాది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే గొంతు కలిపేది, నాన్న కునుకు తీస్తూ ఆమెన్ అనేవాడు. కాబట్టి అసలు జపం మా ఇద్దరిదే.

నాయనమ్మ జపమాల కర్రపూసలది. గుణదల కొండ తిరనాళ్ళలో కొన్నదట. ఏళ్ళ తరబడి చేతుల్లో తిరిగి నల్లగా, నున్నగా అయిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగాకు, కొబ్బరినూనె, కాస్త పేడ వాసన. జపానికి ముందు ఆవిడ చుట్ట ఆర్పి చూరులో దోపి, నోరు పుక్కిలించి వచ్చేది. "మరియమ్మగారికి ఈ కంపెందుకే" అనేది. ఆ కంపుతోనే మరియమ్మగారు మా నాయనమ్మని గుర్తుపడుతుందేమోనని నాకు అనుమానం.

నాకు మొదటి సగం కావాలి. అది చెప్పేవాళ్ళ చేతిలో పగ్గం ఉన్నట్టు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు సాగదీయాలో వాళ్ళ ఇష్టం. ఏ పది ఎవరి కోసం చెప్తున్నామో కూడా వాళ్ళే చెప్పాలి: ఈ పది జ్వరంతో ఉన్న ఫలానావాళ్ళ కోసం, ఈ పది కాలవ గట్టు తెగకుండా ఉండడం కోసం. ఎన్నోసార్లు అడిగాను. చివరికి ఒకరోజు నాయనమ్మ, "ముందు సత్ప్రసాదం తీసుకో. ఆ తర్వాత వచ్చే జపమాల నెలలో నీ చేతికిస్తా" అంది.

పాస్కా పండక్కి, అంటే ఈస్టరుకి, గుడిలో పూజ అప్పం అందుకుని మొదటి సత్ప్రసాదం తీసుకున్నాను. తెల్ల గౌను, తల మీద మల్లెపూల కిరీటం. అందరూ నేను భక్తితో వణుకుతున్నానని అనుకున్నారు. నేను అక్టోబరు గురించి ఆలోచిస్తున్నాను. ఆ వేసవి, ఆ వానాకాలం గేదె పాకలో నిలబడి మొదటి సగం సాధన చేశాను. గేదె రెండో సగం చెప్పకపోయినా తోక ఊపేది.

జపమాల నెల రేపనగా మామయ్య వచ్చాడు. మామయ్య అంటే మా మేనత్త భర్త, కొండపల్లి స్టేషన్లో గ్యాంగ్‌మన్. ఒక భుజాన ట్రంకు పెట్టె, చేతిలో గోనెసంచి నిండా కొండ సీతాఫలాలు, వెనకాల వాళ్ళ కూతురు, మా మరదలు. నాకంటే ఏడాది చిన్నది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

పెద్దవాళ్ళు పంచలో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

"మీ అమ్మాయిని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చామండి. కడుపులో గడ్డంట. కొయ్యాలంట" అన్నాడు మామయ్య.

"కోస్తే తగ్గుద్దంటనా?" అంది నాయనమ్మ.

"చెప్పలేమంటున్నారు."

"పిల్ల వింటంది" అంది అమ్మ, నన్ను చూపించి. వింటున్నది నేనొక్కదాన్నే కాదు. మరదలు గుంజని వాటేసుకుని, దానికి చెంప ఆనించి నిలబడి ఉంది.

నాకు అత్త మీద బెంగ కలగలేదని చెప్పను. కానీ అది సీతాఫలం గింజంత. ఆ రాత్రి పడకల దగ్గర కలిగింది మాత్రం పెద్దది. నాయనమ్మ చాప మీద గోడవైపు చోటు నాది. ఆ చోట్లో మరదలు పడుకుని ఉంది, నాయనమ్మ చెయ్యి దాని నడుం మీద ఉంది.

"అది నా చోటు" అన్నాను.

"ఇటు పక్క పడుకోవే, ఇటు కూడా చాపేగా" అంది నాయనమ్మ.

"మా నాయనమ్మ పక్కన నువ్వెందుకు?" అని మరదల్ని అడిగాను.

"మా అమ్మమ్మ కూడా గదా వదినా" అంది అది.

అప్పటిదాకా నాయనమ్మ ఇంకొకరికి అమ్మమ్మ కూడా కావచ్చునని నేను ఆలోచించలేదు.

మర్నాటినుంచి అన్నీ అలాగే జరిగాయి. పాలు కాచిన గిన్నెకి అంటుకున్న మీగడ, బెల్లం వేసి గీకి పెట్టేది నాయనమ్మ. అది నాది. ఇప్పుడు సగం. తరవాత సగం కంటే తక్కువ. నూనె రాసి జడ వేయడం ముందు దానికి, తర్వాత నాకు. ఒకరోజు అమ్మ, పక్కింటి పిన్నితో చింతపండు పిక్కలు తీస్తూ అంటుండగా విన్నాను: "కూతురి కూతురు వచ్చిందంటే అత్తగారికి మా పిల్ల కనపడుద్దా చెల్లీ. పోనీలే, నాలుగు రోజుల ముచ్చట." ఆ మాట నాకు చల్లగా తాకింది. నాలో ఉన్నదానికి పెద్దవాళ్ళ ఆమోదం దొరికినట్టయింది.

మరదలు దగ్గర ఒక కొండపల్లి బొమ్మ ఉండేది. కుండ నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, పసుపుపచ్చ చీర. నేను దానివైపు చూస్తున్నానని గమనించి నా చేతిలో పెట్టేసింది. "నువ్వుంచుకో వదినా. మా ఇంటి దగ్గర ఇంకా ఉన్నయ్" అంది. అడక్కుండా ఇచ్చేవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కష్టం. అయినా నేను తెచ్చుకున్నాను.

ఇక జపం సంగతి. నెల మొదటి సాయంత్రం నేను నోరు పుక్కిలించి, జుట్టు తడి చేసి దువ్వుకుని, దేవమాత పటం ముందు అందరికంటే ముందు మోకరించాను. నాయనమ్మ వచ్చి పూసలు తీసింది. నా వైపు చూసింది. "ఇయ్యాల నేను చెప్తా. పిల్ల కొత్తగా వచ్చింది గదా, రేపు చూద్దాం" అంది. సరే, ఒక్కరోజే గదా అనుకున్నాను.

ఆవిడ మొదటి సగం చెప్తుంటే నేనూ మరదలూ రెండో సగం అందుకున్నాం. దాని గొంతు సన్నగా, కాలవలో నీళ్ళు తూముకి తగిలినట్టు ఉండేది. బాగుందని నాకు తెలుస్తూనే ఉంది. అయితే ఒకటి గమనించాను. "ఇప్పుడును" అనేదాకా నాతో సమానంగా వచ్చేది. "మా మరణ సమయమందును" అన్నచోట పెదవులు మూసేసుకునేది. మళ్ళీ "ఆమెన్" దగ్గర కలిసేది. ఒకసారి కాదు, ప్రతి పూసకీ అంతే. అక్కడ నా ఒక్కదాని గొంతే మిగిలేది.

నాకు భలే సంతోషం వేసింది. జపం అవగానే చెప్పాను.

"దానికి జపం రాదు నాయనమ్మా. మధ్యలో మింగేస్తంది. కొండపల్లిలో నేర్పరు కాబోలు."

మరదలు తల దించుకుంది. నాయనమ్మ లాంతరు ఒత్తి కాస్త పెంచి, దాని మొహంలోకి చాలాసేపు చూసింది.

రెండో సాయంత్రం నేను చెయ్యి చాచి సిద్ధంగా ఉన్నాను. నాయనమ్మ పూసలు తీసి ముద్దు పెట్టుకుని, నన్ను దాటి, మరదలు చేతిలో పెట్టింది.

"మొదటి సగం నువ్వు చెప్పవే అమ్మా. మేం అందుకుంటాం" అంది.

నా చెయ్యి ఇంకా చాచే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీద గోక్కున్నాను.

ఆ తర్వాత ఆ నెలంతా మొదటి సగం దానిదే. నాయనమ్మ, నేను రెండో సగం. ప్రతి పదికి ముందు నాయనమ్మ అడిగేది, "ఇది ఎవరి కోసమే?" అని. "మా అమ్మ కోసం" అనేది. రెండో పది? మా అమ్మ కోసం. అయిదూ అంతే. కాలవ గట్టునీ, జ్వరాలనీ ఎవరూ పట్టించుకోలేదు ఆ నెల. గట్టు తెగితే ఎవరిది పూచీ అని నేను లోపల లోపల అనుకునేదాన్ని.

నేను ఊరుకున్నానా? దాని సగం పూర్తికాకుండానే నా సగం మొదలుపెట్టేసేదాన్ని. అది వేగం పెంచేది, నేను ఇంకా పెంచేదాన్ని. చివరికి మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకునేవి. నాయనమ్మ పూసల మీద చెయ్యి వేసి ఆపేది. "ఎందుకే ఆ పరుగు? మరియమ్మగారేమన్నా బండెక్కి పోతందా?" అనేది. నాన్న కునుకులోనే నవ్వేవాడు. తొక్కడం కుదరకపోయేసరికి గట్టిగా అరవడం మొదలుపెట్టాను. రెండో సగమైనా సరే, పేట చివరిదాకా నా గొంతే వినపడాలని. ముఖ్యంగా అది మింగిన ఆ ముక్క. "మా మరణ సమయమందును" అని పటం అదిరేలా చెప్పేదాన్ని. ఇది నాకు వచ్చు, నీకు రాదు అని దానికి తెలియాలి. విచిత్రంగా నాయనమ్మ దానికి మాత్రం వద్దనలేదు. "గొంతు బాగా సాగింది ఇయ్యాల" అనేది కూడా.

ఇంకో పని చేశాను. అది పైకి "మా అమ్మ కోసం" అంటుంటే, నేను లోపల నా సొంత మనవి పెట్టుకునేదాన్ని: తల్లీ, దీన్ని తొందరగా వాళ్ళింటికి పంపించెయ్యి. పూస పూసకీ అదే. అత్త బాగుపడితే తప్ప అది కొండపల్లి వెళ్ళే దారి లేదు గదా. అంటే ఆ నెలంతా మేమిద్దరం పక్కపక్కన మోకరించి అడిగింది ఒకటే. అత్త కోసం ఆ పేటలో నా అంత పట్టుదలగా ప్రార్థించిన వాళ్ళు లేరని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్టోబరులో రోజుకొకరి ఇంట్లో పేటంతా కూడి జపం చెప్పే ఆనవాయితీ ఉండేది. మా వంతు వచ్చింది. పంచ నిండిపోయింది, పిల్లలు గట్టు మీద కూర్చున్నారు. అమ్మ అలసందల గుగ్గిళ్ళు పెద్ద గిన్నెడు ఉడికించి, మీద కొబ్బరి కోరు చల్లింది. ఉపదేశిగారు, అంటే మా గుడి పనులు చూసే పెద్దమనిషి, వచ్చారు. ఇంతమంది ముందు చిన్నపిల్లకి ఇవ్వరు, పెద్దవాళ్ళెవరో చెప్తారని ధైర్యంగా ఉన్నాను. నాయనమ్మ అంతమంది ముందూ దాని చేతికే ఇచ్చింది.

అది చెప్పింది. ఎవరూ దగ్గలేదు. నాకు దాని గొంతులో ఒక్క తప్పు కూడా దొరకలేదు.

జపం అయ్యాక ఆడవాళ్ళు దాని చుట్టూ చేరారు. ఒకామె గడ్డం పట్టుకుని, "ఎంత ముద్దుగా చెప్పిందమ్మా. పాపం, తల్లి లేని..." అంది.

"తల్లి లేకపోవడమేంటి?" అంది నాయనమ్మ. గొంతు పెంచలేదు. "ఉంది. గుంటూరులో ఉంది. గుగ్గిళ్ళు తీసుకో."

ఆమె గుగ్గిళ్ళు తీసుకుంది. మొదటి దోసిలి మరదలికి పెట్టారు. నేను గిన్నె దగ్గరికి వెళ్ళకుండా గేదె పాకలోకి పోయి కూర్చున్నాను. కాసేపటికి నాయనమ్మ వచ్చింది. పేడ మీద అడుగు పడకుండా చీర ఎత్తి పట్టుకుని, ఆకులో గుగ్గిళ్ళు తెచ్చింది.

"ఏంటే ఈ అలక?"

"నాకిస్తానన్నావు."

"అన్నాను."

"సత్ప్రసాదం తీసుకుంటే ఇస్తానన్నావు. తీసుకున్నాను. దానికేమో సగం రాకపోయినా ఇచ్చావు."

"నీ సగం నీకుందిగా. రెండో సగం గట్టిగా చెప్పేవాళ్ళు కావాలి నాకు. నా గొంతు చాలట్లేదు."

"నాకు మొదటిదే కావాలి."

"తిను. చల్లారిపోతంది" అంది. నేను తినేదాకా అక్కడే నిలబడి గేదె మెడ నిమిరింది. కోపంలో తిన్నా అలసందలు బాగానే ఉన్నాయి.

నెల చివర్లో మామయ్య వచ్చాడు. ఈసారి గడ్డం గీసుకుని వచ్చాడు. వీధి మలుపులో ఉండగానే చెయ్యి ఊపాడు. "గడ్డ తీసేశారండి. లేచి నడుస్తంది. గంజి తాగుతంది." మరదలు గెంతుతుందనుకున్నాను. గెంతలేదు. వెళ్ళి నాయనమ్మ ఒళ్ళో తల పెట్టి, పట్టపగలు, అప్పటికప్పుడు నిద్రపోయింది. ఎన్నాళ్ళుగానో నిద్ర లేనిదానిలా పడుకుంది. దాన్ని లేపకుండా నాయనమ్మ మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. అది చూసి కూడా నేను కుళ్ళుకున్నాను. నా కోసం ఆవిడ ఎప్పుడైనా అన్నం మానేసిందా అని.

వాళ్ళు బస్సెక్కి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ అది జపమాల నాయనమ్మ చేతిలో పెట్టి, "వదినకివ్వు అమ్మమ్మా" అంది. దాని సిఫారసు నాకెందుకు అనుకున్నాను గానీ, ఆ సాయంత్రం మాత్రం మళ్ళీ జుట్టు దువ్వుకుని ముందుగా మోకరించాను. ఇక అడ్డు ఎవరూ లేరు.

నాయనమ్మ వచ్చింది. పూసలు ముద్దు పెట్టుకుంది. తనే మొదలుపెట్టింది.

నేను రెండో సగం చెప్పలేదు. ఆవిడ ఆగింది. పొయ్యి దగ్గర నుంచి అమ్మ ఒక్కతే చెప్పింది.

"నాకెప్పుడిస్తావు?" అన్నాను.

"నీకెందుకే? నీకు అవసరం లేదు" అంది నాయనమ్మ.

అంతే. తిట్టినట్టు అనలేదు, బుజ్జగించినట్టూ అనలేదు. ఉప్పు సరిపోయింది అన్నట్టు అంది. ఆ మాట నాలో ఎన్నేళ్ళు ఉండిపోయిందో. ఇంకెప్పుడూ అడగలేదు. అడగకూడదని పంతం పట్టాను. హాస్టలుకి వెళ్ళాను, సెలవలకి వచ్చినప్పుడు రెండో సగం చెప్పాను. ఉద్యోగంలో చేరాను, ఆదివారాలు వచ్చినప్పుడు రెండో సగం చెప్పాను. ఆవిడ ఇవ్వలేదు.

నాయనమ్మ పోయే వేళకి నాకు పెళ్ళయి, విజయవాడలో కాపురం. కాళ్ళు వాచాయని, మాట తగ్గిందని కబురొస్తే మొదటి బస్సుకి వెళ్ళాను. అప్పటికి తాటాకిల్లు పోయి పెంకుటిల్లు వచ్చింది, గేదె లేదు. ఫాదర్‌గారు పొద్దున్నే వచ్చి, పోయేవాళ్ళ నుదుట నూనె పూసే అవస్థ అభ్యంగనం ఇచ్చి వెళ్ళారు. మధ్యాహ్నానికి కొండపల్లి నుంచి మరదలు వచ్చింది, చంకలో ఏడాది బిడ్డతో. బిడ్డని నేల మీద దించి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి, నాయనమ్మ పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. నేను పొద్దుటినుంచీ ఉన్నాను. పాదాలు పట్టుకోవాలని నాకెందుకు తట్టలేదో.

"జపం మొదలుపెట్టండమ్మా" అంది అమ్మ. తలగడ కిందనుంచి జపమాల తీసి చుట్టూ చూసి, మరదలికిచ్చింది. "నువ్వు చెప్పవే. ఆవిడకి నీ గొంతంటే ఇష్టం."

ఆ మంచం పక్కన, ఆ క్షణంలో కూడా, నాకు ఆ పాత కుళ్ళే లేచింది. సిగ్గుపడే తీరిక కూడా లేదు. అది మొదటి సగం చెప్పింది. అదే గొంతు, కాస్త బరువెక్కింది. నేను రెండో సగం అందుకున్నాను. పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా. నోటికి అలవాటైన దారి, కళ్ళు మూసుకుని నడిచే దారి. "ఇప్పుడును" అన్నాను.

ఆ తర్వాత మాట రాలేదు.

నాయనమ్మ ఛాతీ లేస్తోంది, పడుతోంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. చిన్నప్పుడు పటం అదిరేలా అరిచిన మాట అది. అది నోట్లోనే ఉంది, పెదవులు తెరుచుకోవడం లేదు. రెండో పూస. మళ్ళీ అక్కడే ఆగాను. మూడో పూసకి అమ్మ కూడా ఏడుస్తోంది, ఆ చోట గదిలో ఎవరి గొంతూ లేదు.

మరదలు నా వైపు చూడలేదు. చెయ్యి చాచి నా అరచేతిని లాక్కుని, అందులో జపమాల పెట్టింది. ఎక్కడిదాకా వచ్చామో ఆ పూసని నా బొటనవేలి కింద నొక్కి పెట్టింది. పెట్టి ఊరుకుంది. ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేను మొదటి సగం చెప్పాను. వందనం, ఆశీర్వాదం, గర్భఫలం. అందులో గొంతుకి అడ్డం పడేది ఏదీ లేదు. అది రెండో సగం అందుకుంది. ఆ మాట దగ్గర ఆగలేదు, తగ్గలేదు. నాయనమ్మ చెవికి వినపడేంత గట్టిగా చెప్పింది. అలాగే అయిదు పదులూ పూర్తి చేశాం. మొదటి సగం నాకెందుకు ఇవ్వలేదో, దానికెందుకు ఇచ్చిందో, ఒక్కో పూస జరుగుతుంటే ఒక్కొక్కటిగా తెలిసింది. ఆ చిన్నపిల్ల నోట ఆ మాట రోజుకి యాభైసార్లు అనిపించడం ఇష్టం లేక నాయనమ్మ దాన్ని జపంలో ఇవతలి ఒడ్డుకి చేర్చింది. అంతే జరిగింది.

పొద్దు వాలకముందే నాయనమ్మ పోయింది. ఆ రోజు డైరీలో ఒక్క ముక్కే రాశాను: నాయనమ్మ పోయింది, వాన లేదు.

మట్టి చేసి వచ్చాక, పెరట్లో పంపు దగ్గర మేమిద్దరం గిన్నెలు కడుగుతున్నాం. అది తోముతోంది, నేను తొలుస్తున్నాను.

"నీకెలా వచ్చిందే ఆ మాట?" అని అడిగాను. "చిన్నప్పుడు అనేదానివి కాదుగా."

"అనేదాన్ని కాదు" అంది. "అంటే మా అమ్మకి ఏదో అయిపోద్దని భయం."

"నేనేమో నీకు రాదని చాడీలు చెప్పాను."

అది నవ్వింది. "నువ్వు అరిచేదానివి గదా వదినా, పేటంతా వినపడేట్టు. నాకు ఎంత ధైర్యంగా ఉండేదో తెలుసా? నా వంతు కూడా వదిన చెప్పేస్తందిలే అనుకునేదాన్ని. నువ్వు గట్టిగా చెప్పిన రోజున బాగా నిద్ర పట్టేది."

తోమిన గిన్నె నా వైపు జరిపింది. నేను తొలిచాను. నా కుళ్ళుని అది అన్నాళ్ళూ కప్పుకుని పడుకుందన్నమాట.

అదంతా తెలిసి చాలా ఏళ్ళయింది. తెలిస్తే అసూయ పోవాలి గదా. నాది పోలేదు, చోటు మారింది. నాయనమ్మ నన్ను నమ్మింది. ఈ పిల్ల గొంతు ఆ మాటని మోస్తుంది, దీనికి ఏ సాయమూ అక్కర్లేదు అనుకుంది. అది పెద్ద గౌరవమే, కాదనను. కానీ మరదల్ని మాత్రం ఆ మాట నుంచి దాచింది. లాంతరు పెంచి దాని మొహం చూసింది, ఒక్క ప్రశ్న వేయకుండా దాని భయం ఎక్కడుందో కనుక్కుంది, అది దాటిపోయేదాకా దాని మీద రెక్క కప్పింది. నా మొహం అలా లాంతరు పెంచి చూడాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

అవసరం లేదు అంది. నిజమే. అయినా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది.